నాలుగు సెకన్ల ఖాళీ

వీధిలో అందరూ అతన్ని క్యాసెట్టు అనే పిలుస్తారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. ఒకప్పుడు పాటల జాబితా, ఖాళీ క్యాసెట్టు పట్టుకొచ్చిన వాళ్ళకి అడిగిన పాటలు నింపి ఇచ్చేవాడు. తరవాత సీడీలు నింపాడు. ఆ తరవాత మెమరీ కార్డులు నింపాడు. ఇప్పుడు జనం తమంతట తామే ఫోన్లో వినేస్తున్నారు కనక, అటకల మీద మిగిలిన పాత క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించి, గరగర తీసేసి ఇస్తున్నాడు.

ఆ మధ్యాహ్నం బల్ల మీదున్నది మాత్రం పరాయి సొత్తు కాదు. అతనూ అక్కా కలిసి జీవితంలో మొదటిసారి కొన్న క్యాసెట్టు. అప్పటికి అతనికి ఎనిమిదేళ్ళు, అక్కకి పదకొండు. రెండు నెలలు బస్సెక్కకుండా బడికి నడిచి, మిగిలిన చిల్లరతో పాటలు నింపించుకుని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, ఇంట్లో టేపురికార్డరు లేదని! పక్కింటి దర్జీ మావయ్య జాలిపడి తనదాంట్లో పెట్టుకోనిచ్చాడు. మూడో పాట మధ్యలో అక్క సంబరం పట్టలేక రికార్డు చేసే ఎర్ర మీట నొక్కేసింది. నాలుగు సెకన్ల పాట తుడిచిపెట్టుకుపోయింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

"ఒరేయ్, సాయంత్రానికి నా ఫోన్లోకి వచ్చేస్తుందా?" పక్క గదిలోంచి అక్క అడిగింది.

"వస్తుందక్కా. నువ్వు కాస్త పడుకో."

అక్కకి చిన్నప్పటినుంచీ ఉబ్బసం. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో పిల్లికూతలు. ఆ చప్పుడు గోడ అవతలినుంచి వినిపిస్తుంటేనే అతనికి పని సాగుతుంది. అక్క బాగానే ఉందని ధైర్యం.

అతను పనిచేసే గదికి కిటికీలు ఉన్నాయనే మాటే గానీ, బయటి చప్పుళ్ళు రాకుండా వాటికి పాత పరుపులు అడ్డం పెట్టేశాడు. పట్టపగలు కూడా చీకటే. వేడెక్కిన వైర్ల వాసన, ముక్కిపోయిన దూది వాసన. పరుపుల అవతల ఎక్కడో వాన పడుతోంది.

గరగర తీయడానికో పద్ధతుంది. పాట లేని చోట వట్టి గరగర ఉన్న ముక్కని ఏరి, ఇది ఎక్కడున్నా తీసెయ్యమని కంప్యూటరుకి చూపించాలి. చూపించే ముందు ఆ ముక్కని ఒకసారి శ్రద్ధగా వినాలి. కానీ అతను కొన్నేళ్ళుగా చెవులతో చేసే పనిని కళ్ళతో చేసేయడం మరిగాడు. తెర మీద గీత చదునుగా ఉంటే ఖాళీ అని అతని లెక్క. మూడో పాట మధ్యలో ఆ నాలుగు సెకన్లూ చదునుగానే కనిపించాయి. ఏరాడు. చూపించాడు. మీట నొక్కాడు.

పాట కడిగినట్టు శుభ్రంగా వచ్చింది. తృప్తిగా హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాడు.

వాన వినిపిస్తోంది. ఫ్యాను వినిపిస్తోంది.

పిల్లికూతలు వినిపించడం లేదు.

"అక్కా..."

 ఒక్క అంగలో పక్క గదిలోకి వెళ్ళాడు. అక్క మంచం మీద లేచి కూర్చుని ఉంది. నోరు తెరిచి ఉంది. కళ్ళు అతన్నే చూస్తున్నాయి. గుండెల దగ్గర చీర కదలడం లేదు... పెదాలు నల్లబడుతున్నాయి.

ఇన్‌హేలరు నోట్లో పెట్టి నొక్కాడు. మందు లోపలికి పోలేదు. పొగలా బయటికే వచ్చేసింది. అంబులెన్సుకి చేద్దామని ఫోన్ తీశాడు. అప్పుడు తట్టింది అతనికి. ఎర్ర మీట నొక్కినప్పుడు టేపురికార్డరు మైకుకి మొహం ఆనించి ఉన్నది ఎవరు? ఆ నాలుగు సెకన్లలో ఉన్నది గరగర కాదు...

కంప్యూటరు దగ్గరికి పరిగెత్తి, చేసిందంతా వెనక్కి తీసుకున్నాడు. పాటల గరగర తిరిగొచ్చింది. ఆ నాలుగు సెకన్లు మాత్రం రాలేదు. బల్ల మీద అసలు క్యాసెట్టు ఉంది. టేపురికార్డరులో పెట్టి, మూడో పాట దాకా తిప్పి, మోగించాడు.

చిన్నగా... పిల్లికూత. పదకొండేళ్ళ పిల్ల ఊపిరి.

పక్క గదిలో అక్క గుండెలనిండా గాలి పీల్చింది.

నాలుగు సెకన్లు. మళ్ళీ పాట. పక్క గదిలో మళ్ళీ ఊపిరి ఆగింది. వెనక్కి తిప్పాడు, మోగించాడు. వెనక్కి తిప్పాడు, మోగించాడు. ఏడుస్తూ తిప్పాడు. టేపు అప్పటికే నలిగి కీచుమంటోంది. తెగితే అంతే సంగతులు. చివరికి తన ఫోన్ పక్కన పెట్టి ఆ ముక్కని రికార్డు చేసి, ఆగకుండా మళ్ళీ మళ్ళీ మోగేలా పెట్టాడు.

పనిచేసింది. అక్క పెదాలకి రంగొచ్చింది.

ఛార్జరు పెట్టి, ఫోన్ అక్క దిండు పక్కన ఆనించి, కింద కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట. ఇక ఆ ఫోన్ ఆగకూడదు. స్నానానికెళ్ళినా, కరెంటు పోయినా, పదేళ్ళయినా ఆగకూడదు. ఆ సంగతి అక్కకి ఎలా చెప్పాలో తెలియలేదు.

"ఏమైందిరా నాకు?" అంది అక్క నీరసంగా.

"ఏం లేదక్కా. ఆయాసం వచ్చింది, తగ్గిపోయింది."

"ఆ ఫోన్లో మోగేదేంటి?"

"ఏదో... చప్పుడు. ఉండనీ."

అక్క తల ఊపి కళ్ళు మూసుకుంది. ఫోన్లో ఊపిరి ఆడుతోంది. లోపలికి... బయటికి. నాలుగు సెకన్లు. మళ్ళీ మొదటినుంచి. అతను మెల్లిగా ఛార్జరు సరిచూసుకుని, ఫోన్ మీదికి వంగాడు.

ఈసారి ఊపిరి బయటికి రాలేదు. బదులుగా, చెవికి ఆనించి చెప్పినట్టు, చిన్నపిల్ల గొంతు గుసగుసలాడింది.

"తమ్ముడూ... ఇంక ఆపెయ్ రా. అలిసిపోయాను."