ఏడాదికొక్క రోజు మూసే గేటు

శనివారం ఉదయం ఏడున్నరకి విల్‌ఫ్రెడ్ పాస్క్ శవం నదిలో దొరికింది.

ఆనకట్ట దగ్గర అడ్డుకర్రలకి తట్టుకుని, బోర్లా. ఉన్నికోటు నీళ్ళకి ఉబ్బిపోయింది. చేపలు పట్టడానికొచ్చినవాళ్ళు ముందు పాత తివాచీ అనుకున్నారట. ఆష్‌లోడ్ ఊళ్ళో ఈమధ్య నదిలో ఏం పారేసినా అడిగే నాథుడు లేడు.

"కాలు జారి ఉంటుంది," అన్నారందరూ. డెబ్భై ఆరేళ్ళ మనిషి. రెండు రోజులుగా వాన. గట్టు మీద రాళ్ళు నాచు పట్టి ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ మేవిస్ తార్ప్ మాత్రం శవం తల వెనకభాగం చూస్తూ ఉండిపోయింది.

"డాక్టర్, ఈ దెబ్బ?"

"నదిలో రాళ్ళు తగిలి ఉండొచ్చు."

"రాళ్ళకి ఇంత తిన్నని అంచు ఉంటుందా?"

డాక్టర్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఉండదు. ఇనుప మూల అయి ఉండాలి. నీళ్ళలో పడేసరికే పోయాడని నా అనుమానం. కోసి చూస్తేగానీ రాసివ్వను."

జేబులు వెతికారు. తాళం చెవులు, రుమాలు, కళ్ళజోడు. కోటు లోపలి జేబులో జానెడు చెక్కముక్క. రెండు వేళ్ళ మందం. ఒకవైపు పాత తారు పూత. ఇంకోవైపు పచ్చిగా, తెల్లగా ఉంది.

"నదిలో కొట్టుకొచ్చిన చెత్త మేడమ్," అని కానిస్టేబుల్ పారేయబోయాడు.

"ఆగు. ఆ జేబుకి బొత్తాం పెట్టి ఉందా లేదా?"

"పెట్టే ఉంది మేడమ్. నేనే విప్పాను."

"నది బొత్తాలు పెట్టదు. దాన్ని సంచీలో వేసి సీలు చెయ్యి."

* * *

ఆష్‌లోడ్‌లో పోలీస్ స్టేషన్ లేదు. ఆరేళ్ళ కిందట మూసేశారు. ఇప్పుడది కాఫీ షాపు. మేవిస్ మొదటి ఉద్యోగం అక్కడే. ఒకప్పటి లాకప్ గదిలో ఇప్పుడు రెండు బల్లలూ, ఒక అద్దాల కేకుల పెట్టే. ఆమె ఆ గదిలోనే కూర్చుని మనుషుల్ని ఒక్కొక్కరినీ పిలిపించింది.

ఊళ్ళోంచి ఒక్కొక్కటే పోయాయి. కోర్టు పోయి జిమ్ వచ్చింది. లైబ్రరీ మంగళవారాలు మాత్రమే తీస్తారు. ఊరి కౌన్సిల్‌ని జిల్లా కౌన్సిల్‌లో కలిపేశారు. చివరికి పశువుల సంత స్థలం కూడా ఒక కంపెనీ కొనుక్కుంది. అక్కడ ఫ్లాట్లు కడతారట.

ఆ ఫ్లాట్లకి ఒకటే అడ్డు. పశువుల సందు.

సంత స్థలం మధ్యలోంచి బజారుకీ నదికీ ఉన్న దారి అది. ఇరవై ఏళ్ళు జనం అడ్డులేకుండా నడిస్తే అది జనం దారి. యజమాని ఏడాదికి ఒక్కరోజైనా గేటు మూస్తే మాత్రం సొంత దారిగానే ఉండిపోతుంది. ఈ దేశంలో అదీ చట్టం. ఆ స్థలం అమ్మిన సంత ట్రస్టువాళ్ళు ప్రతి గుడ్ ఫ్రైడేకీ మూశామంటున్నారు. ఎన్నడూ మూయలేదని విల్‌ఫ్రెడ్ అన్నాడు. వచ్చే మంగళవారం ఆ దారి మీద జరిగే విచారణలో ప్రమాణం చేసి అదే చెప్పాల్సి ఉంది.

శుక్రవారం గుడ్ ఫ్రైడే. శనివారానికి ఆ సాక్షి లేడు.

మొదట కంపెనీ మేనేజర్ గైల్స్ ఫెన్నర్ వచ్చాడు. ఖరీదైన బూట్లు, నిద్రలేని కళ్ళు.

"గురువారం రాత్రి పబ్బులో, 'మంగళవారం దాకా ఉంటేగా' అని ముసలాయన్ని బెదిరించారట?"

"అది బీరు అన్న మాట మేడమ్. నేను కాదు."

"శుక్రవారం ఎక్కడున్నారు?"

"లండన్‌లో అత్తగారింట్లో. ఆవిడని అడగండి. నన్ను పోలీసులు అనుమానించాలని ఆవిడకి పెళ్ళినాటి నుంచీ కోరిక."

మేవిస్ ఫోన్ చేసింది. అత్తగారు చాలాసేపు ఆలోచించి, అల్లుడు రోజంతా తన సోఫాలోనే పడి ఉన్నాడని అయిష్టంగా ఒప్పుకుంది.

తర్వాత క్లెమెంట్ ఒరెల్. సంత ట్రస్టు మేనేజరు. అరవై ఎనిమిదేళ్ళు, శుభ్రమైన చొక్కా, మెత్తని గొంతు. విల్‌ఫ్రెడ్‌కి నలభై ఏళ్ళ స్నేహితుడు.

"పాపం విల్‌ఫ్రెడ్," అన్నాడు. "నది మీద ఆ మెట్ల వంతెన మీంచి జారి ఉంటాడు."

"సందులోంచి వెళ్ళి ఉండొచ్చుగా?"

"కుదరదు మేడమ్. శుక్రవారం ఉదయం ఆరింటికి గేటు వేశాను. రాత్రి ఎనిమిదికి తీశాను. రోజంతా గొడుగేసుకుని అక్కడే కూర్చున్నాను."

"మధ్యలో ఎక్కడికీ వెళ్ళలేదా?"

"ఎలా వెళ్తాను? విచారణ నెత్తి మీదుంది. ఇదిగో, ఫోటో కూడా తీశాను."

ఫోన్ చూపించాడు. మూసిన గేటు, తాళం, తడి ఇటుకలు.

"తాళం చెవులెన్ని?"

"ఒకటే. నా దగ్గరే ఉంటుంది."

"ఇరవై ఏళ్ళూ మీరే మూశారా?"

"ప్రతి ఏడూ. ప్రమాణం చేసి రాసిచ్చాను."

మేవిస్ తల ఊపింది. అతను అడిగినదానికంటే ఎక్కువే చెప్పాడు.

* * *

నది ఒడ్డున, సందు చివర, ముసలివాళ్ళ కోసం ఎప్పుడో కట్టించిన ఇళ్ళ వరస ఉంది. మూడో ఇంట్లో విల్‌ఫ్రెడ్ చెల్లెలు ఈడిత్. చక్రాల కుర్చీ. ఊళ్ళోకి వెళ్ళాలంటే ఆమెకి సందు ఒక్కటే దిక్కు. రెండో దారి వంతెన, దానికి అన్నీ మెట్లే. సందు మూస్తే ఆమె ఆ గదిలో ఖైదీ అయినట్టే. విల్‌ఫ్రెడ్ పోరాడింది అందుకే.

ఆమె ఏడవడం లేదు. అది చూడ్డానికి మేవిస్‌కి మరీ కష్టంగా ఉంది.

"నిన్న అన్నగారు వచ్చారా అమ్మా?"

"పొద్దున్నే వచ్చాడు. బజార్లో బేకరీ నుంచి శిలువ గుర్తు బన్నులు తెచ్చాడు. ఏటా తెస్తాడు."

"ఎటునుంచి వచ్చారు?"

"ఎటునుంచేమిటి? సందులోంచే."

"మీరు చూశారా?"

"ఈ కుర్చీలోంచి నాకు కనిపించేవి బాతులు. చూడలేదు. కానీ బన్నుకి వెన్న రాస్తే కరిగి చేతిమీద కారింది. వంతెన మీదుగా వస్తే అరగంట. ఆ వానలో అరగంట తిరిగిన బన్ను రాయి అయిపోదూ?"

మేవిస్ పెన్ను ఆగింది. గేటు ఉదయం ఆరింటి నుంచీ మూసే ఉందని క్లెమెంట్ చెప్పాడు.

"మళ్ళీ వచ్చారా?"

"సాయంత్రం టీకి. మసక పడుతుంటే వెళ్ళాడు. ఇల్లు చేరగానే ఫోన్ చేస్తాడు, రోజూ. నిన్న చేయలేదు." ఈడిత్ ఒళ్ళో చేతులు ముడుచుకుంది. "నిద్రపోయాడేమో, లేపడం ఎందుకులే అనుకున్నానమ్మా."

"క్లెమెంట్ అబద్ధం రాసిచ్చాడని ఆయనకి తెలుసా?"

"తెలుసు. విచారణలో అది చెప్పాల్సి వస్తుందని వారం రోజులుగా అన్నం సరిగ్గా తినలేదు. స్నేహితుణ్ణి పదిమందిలో ఎలా నిలబెట్టను అని ఒకటే బాధ."

ఆదివారం ఊరంతా చర్చిలో ఉండగా మేవిస్ ఒక్కతే సందులోకి వెళ్ళింది. రెండువైపులా కిటికీల్లేని గోడలు. ఇక్కడ మనిషి అరిచినా బయటికి వినపడదు. పాత ఓక్ చెక్క గేటు తెరిచి గోడకి ఆనించి ఉంది. పక్కన పూర్వం పశువుల్ని కట్టిన, పదునైన అంచుల ఇనుపగుంజ. గోడ పక్కన మాత్రం పాత రాళ్ళ కాలువ. మిగతా సందంతా ఎర్ర ఇటుకలు. నాలుగేళ్ళ కిందట కొత్త కౌన్సిల్ పరిచింది. అందం కోసమట.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని గేటు అడుగున వేలు పెట్టి తడిమింది.

వేలికి నల్లగా అంటింది. తారు. ఇంకా ఆరలేదు.

* * *

మంగళవారం ఉదయం పదింటికి విచారణాధికారిణి స్థలం చూడ్డానికి వచ్చింది. ఫెన్నర్ వచ్చాడు. క్లెమెంట్ వచ్చాడు. ఊరివాళ్ళు పాతికమంది గొడుగులతో నిలబడ్డారు. నది వైపు నుంచి ఈడిత్ కుర్చీని ఎవరో తోసుకొచ్చారు.

"చూడండి," అన్నాడు క్లెమెంట్. గేటు తోశాడు. అది చప్పుడు లేకుండా తిరిగి మూసుకుంది. ఈడిత్ అవతల ఉండిపోయింది.

"ఒక్క ప్రశ్న," అంది మేవిస్. "శుక్రవారం ఉదయం ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా ఈ గేటు దగ్గర మీరు కాక ఇంకెవరైనా ఉన్నారా?"

"పిట్ట కూడా లేదు మేడమ్. చెప్పానుగా."

"అందరూ విన్నారుగా. ఇప్పుడు సగం తెరవండి."

తెరిచాడు. మేవిస్ సీలు సంచీలోంచి చెక్కముక్క తీసింది. తడి ఇటుకల మీద పడుకుని గేటు అడుగున దాన్ని జరుపుతూ పోయింది. ఒకచోట ఆగింది.

"విల్‌ఫ్రెడ్ జేబులో దొరికిన ముక్క ఇది. ఇందులో రంపానికి తెగిన మేకు ఉంది. దాని మిగతా సగం గేటులో ఉంది. కోసిన చోట పూసిన కొత్త తారు గీకి చూశాను. కౌన్సిల్ ఇటుకలు వేసి నేలని రెండు వేళ్ళు ఎత్తు చేసింది. ముక్క అలాగే పెట్టి తొయ్యండి."

కానిస్టేబుల్ తోశాడు. ముక్క ఇటుకకి తగిలి కీచుమంది. గేటు కదల్లేదు.

"అంటే ఈ నాలుగేళ్ళూ ఇది కాలువ మీద తెరిచే ఉంది, మూసుకునే అవకాశమే లేదు," అంది మేవిస్. "అది శుక్రవారం సాయంత్రం ఫోటో తీద్దామని వచ్చినప్పుడుగానీ క్లెమెంట్‌కి తెలియలేదు. రంపం తెచ్చి కోశాడు. చెల్లెలింటి నుంచి వస్తున్న విల్‌ఫ్రెడ్ చూశాడు. ఆ ఇనుపగుంజ పైఅంచు కింద, వాన తగలని చోట రక్తం దొరికింది. ఆయనదే. ఇక్కడ పిట్ట కూడా లేదని మీరే చెప్పారు, క్లెమెంట్."

క్లెమెంట్ పెదవులు తడుపుకున్నాడు.

"గుడ్ ఫ్రైడేకి నేను ఏటా సముద్రం దగ్గర నా క్యారవాన్‌లో ఉండేవాణ్ణి," అన్నాడు. "గేటు గురించి ఎవరడిగారు? కంపెనీ వచ్చి అడిగింది. మూశానని రాసిచ్చాను. తర్వాత వెనక్కి తీసుకోలేకపోయాను."

"విల్‌ఫ్రెడ్ ఏమన్నాడు?"

"నవ్వాడు. కిందపడ్డ ముక్క తీసి జేబులో పెట్టుకుని బొత్తాం పెట్టుకున్నాడు. లాక్కోబోయాను. తోశాను. గుంజకి తల తగిలింది. ఆ తర్వాత ఆ బొత్తాం తీద్దామంటే తడి ఉన్నికి బిగుసుకుని రాలేదు. నదిలోకి తోసేశాను, అదే తీసుకుపోతుందిలే అనుకున్నాను."

గేటు అవతల నుంచి ఈడిత్ గొంతు వినిపించింది.

"క్లెమెంట్."

అతను తల ఎత్తలేదు.

"నువ్వెప్పుడూ గేటు వెయ్యలేదనే మా అన్నయ్యకి నువ్వంటే అంత ఇష్టం. నా కోసమే వెయ్యడం లేదనుకున్నాడు. చచ్చేదాకా అలాగే అనుకున్నాడు."

క్లెమెంట్ జేబులోంచి గేటు తాళం చెవి తీసి కానిస్టేబుల్ చేతిలో పెట్టాడు. కానిస్టేబుల్ అతన్ని వ్యాను వైపు తీసుకెళ్ళాడు.

దారి ఎవరిదో తేలడానికి నెలలు పడుతుందని విచారణాధికారిణి చెప్పింది. ఈ దేశంలో కాగితం నడిచినంత నెమ్మదిగా నత్త కూడా నడవదు. కానీ గేటు హత్యకేసులో సాక్ష్యం. మధ్యాహ్నానికి నలుగురు దాన్ని కీళ్ళ మీంచి ఎత్తి పోలీసు వ్యానులో పడేశారు. సందు మొదట్లో రెండు తుప్పుపట్టిన కీళ్ళు మిగిలాయి.

ఈడిత్ అంతసేపూ వానలోనే ఉంది.

"బేకరీ తీసే ఉంటుందా అమ్మా?" అని అడిగింది మేవిస్‌ని.

"ఉంటుంది."

"కాస్త తోస్తావా? ఇక్కణ్ణుంచి దారి ఎత్తుగా ఉంటుంది. ఎప్పుడూ అన్నయ్య తోసేవాడు."

మేవిస్ గొడుగు మడిచి కుర్చీ వెనక్కి వెళ్ళింది. ఇద్దరూ గేటు లేని ఆ దారిలో బజారు వైపు ఎక్కారు.