నమ్మిక గదిలో ఇద్దరు

నమ్మిక గది ముందు వరండాలో ఆ ఉదయం నలభై మంది దాకా కూర్చుని ఉన్నారు. సగం మంది పీజీ చదవాలనుకునేవాళ్ళు, మిగతా సగం వాళ్ళను నమ్మడానికి వచ్చినవాళ్ళు. ఎవరు ఏ వర్గమో అడగనక్కరలేదు. నమ్మేవాళ్ళు కాళ్ళు బారజాపుకుని కాఫీ తాగుతున్నారు, చదవాలనుకునేవాళ్ళు పక్కన నిలబడి వాళ్ళకు విసనకర్రలతో విసురుతున్నారు.

పీజీకి ఎవరి ఫీజు వారు కట్టుకునే రోజులు పోయి ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడు సర్కారే కడుతుంది. అయితే చదువు మధ్యలో వదిలేసేవాళ్ళ మీద డబ్బు తగలేయడం ఇష్టంలేక నమ్మికమాపకం అనే యంత్రాన్ని తెచ్చిపెట్టింది. అభ్యర్థిని బాగా ఎరిగిన ఒక మనిషిని పూచీదారుగా కూర్చోబెట్టి, కణతలకు పట్టీ కట్టి, ఒకే ఒక్క ప్రశ్న వేస్తారు. "ఈ వ్యక్తి చేపట్టిన పరిశోధన పూర్తిచేసి పట్టా పుచ్చుకుంటారని మీకు నమ్మకముందా?" నోటితో ఏం చెప్పినా యంత్రానికి పట్టదు. లోపలున్న నమ్మకం నూటికి ఎంతో ముల్లుతో చూపిస్తుంది. అరవై దాటితే ఆ ఏడాది చదువు ఖర్చంతా సర్కారుదే. రెండో ఏటికి ఆ పూచీదారే వచ్చి మళ్ళీ కూర్చోవాలి.

మొదట్లో తల్లుల్ని కూర్చోబెట్టారట. పదో తరగతి మూడుసార్లు తప్పిన కొడుకును కన్న తల్లికి కూడా ముల్లు తొంభై తొమ్మిది మీద నిలిచేసరికి, అధికారులు తల పట్టుకుని, రక్తసంబంధీకులు పనికిరారని చట్టం చేశారు. ఆ దెబ్బతో ఊళ్ళో స్నేహాలకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. నమ్మడం నేర్పే శిక్షణ కేంద్రాలు కూడా సందుకొకటి వెలిశాయి.

అలివేణికి అలాంటి శిక్షణలతో పనిలేదు. ఆమె పూచీదారు ప్రసూన.

ఇద్దరూ వేటపాలెం విత్తన కేంద్రంలో ఏడేళ్ళు ఒకే బల్ల దగ్గర పనిచేశారు. ఇద్దరికీ ఉప్పునేలల శాస్త్రంలో పీజీ చేయాలని కోరిక. ఇద్దరూ ఒకేసారి వెళ్ళిపోతే కేంద్రం మూతపడుతుందని పైఅధికారి బతిమాలితే, కొత్తవాళ్ళు పని నేర్చుకునేలా ఏడాది తేడాతో ఒకరి తర్వాత ఒకరు వెళ్దామని మాట అనుకున్నారు. ముప్పై నిండితే కొత్తగా చేరేవాళ్ళకు పథకం వర్తించదు. ప్రసూన ఏడాది పెద్దది కాబట్టి నిరుడు ఆమె ముందు చేరింది. పూచీ కూర్చున్నది అలివేణి. ముల్లు తొంభై నాలుగు చూపింది. వచ్చే నెలకు అలివేణికి ముప్పై నిండుతాయి. ఇవాళ కాకపోతే ఇక ఎప్పటికీ లేదు. ప్రసూన రెండో ఏటి పరీక్ష కూడా ఇవాళే పడింది. ఒకే రోజు ఇద్దరి పనీ అయిపోతుందని అలివేణి సంబరపడింది.

"ఏదన్నా తినవే. కడుపు ఖాళీగా ఉంటే ముల్లు కిందకి పోద్దంట," అంది నవ్వుతూ.

ప్రసూన నవ్వలేదు. "ఈసారికి ఇంకెవర్నన్నా కూర్చోబెట్టుకోరాదటే? మీ పైఆఫీసరు నిన్ను మెచ్చుకుంటా ఉంటాడుగా."

"నీకేమన్నా మతిపోయిందా? నన్ను నీకంటే ఎరిగినోళ్ళు ఎవరున్నారే?"

అంతలో పిలుపు వచ్చింది.

గదిలో యంత్రం నడిపేది మస్తాన్‌వలి. అది వచ్చిన రోజు నుంచీ ఆయనే దాని పక్కన ఉన్నాడు. ప్రసూనను కుర్చీలో కూర్చోబెట్టి కణతపట్టీ బిగించాడు. అభ్యర్థి ఎదురుగా నిలబడి చూడవచ్చు. అలివేణి ధీమాగా చేతులు కట్టుకుని నిలబడింది. యంత్రం ప్రశ్న అడిగింది. "ఉంది," అంది ప్రసూన. ముల్లు మెల్లగా లేచి పన్నెండు దగ్గర ఆగిపోయింది.

వలి పట్టీ విప్పి, తడిబట్టతో కణతలు తుడిచి, మళ్ళీ కట్టాడు. మళ్ళీ పన్నెండే. నిబంధన ప్రకారం మూడోసారి లేదు.

"మిషను పాడైందండీ," అంది అలివేణి. "ఈమె మా ప్రసూన."

"పాడవలేదమ్మా." వలి గొంతు తగ్గించాడు. "అనుమానం ఉన్నోళ్ళకి ముల్లు ఊగుద్ది. నలభై కాడో యాభై కాడో కొట్టుకులాడుద్ది. ఈమెకి ఊగలా. నువ్వు పూర్తిచెయ్యలేవని ఈమెకి గట్టిగా తెలుసు."

అలివేణి ప్రసూన చెయ్యి పట్టుకుని వరండా చివరికి లాక్కుపోయింది.

"ఏం తెలుసే నీకు?"

 నేల చూపులు చూస్తున్న ప్రసూన నోటి నుంచి ఒక్కో ముక్కా బయటికొచ్చింది.

అలివేణి నాలుగేళ్ళుగా తన పెరటి చవుడు నేలలో కొర్ర వేసి, సాళ్ళ మధ్య ఇలకూర నాటుతోంది. సముద్రం ఒడ్డున దానంతటది మొలిచే ఆ కూర, నేలలోని ఉప్పును తాగేస్తే కొర్ర బతుకుతుందని ఆమె ఆలోచన. వారం వారం మట్టి పరీక్షించి ఒక పుస్తకంలో రాసుకుంది. ఇప్పుడు దరఖాస్తులో పెట్టిన పరిశోధన అదే. నిరుడు ప్రసూన బెంగగా కనిపిస్తే, చదివితే ధైర్యం వస్తుందని ఆ పుస్తకాన్ని అలివేణే ఇచ్చింది. ప్రసూన దాన్ని తన అంశంగా నమోదు చేసుకుంది. ఒకరి పేర నమోదైన అంశం ఇంకొకరికి చెల్లదు. చేరిన నెలలోనే పట్టుకుని అలివేణి పేరు కొట్టేస్తారు.

"నా ప్రయోగంలో మొలకలన్నీ చచ్చిపొయ్యాయే," అంది ప్రసూన. "నెలలోగా ఇంకో అంశం చూపించకపోతే తీసేస్తామన్నారు. నీ పుస్తకం బల్ల మీదుంది."

"అడిగితే నేనే ఇద్దును గదే. నేను ఇంకోటి వెతుక్కుందును."

"చెబుదామనే అనుకున్నా. సిగ్గేసింది. నువ్వు ఎట్టాగో ఇంకో దారి చూసుకుంటావనుకున్నా."

"అట్టా అనుకుంటే ముల్లు పన్నెండు కాడ ఎందుకాగిందే?"

 అలివేణి ఫిర్యాదు చేయవచ్చు. కానీ పుస్తకం చేతులారా ఇచ్చింది తను, తేదీ వేసి నమోదు చేసింది ఆమె. ఎవరు నమ్ముతారు? ఏడేళ్ళు ఒక్క గిన్నెలో అన్నం తిన్న మనిషి ఇంత పని చేసిందని అలివేణికే నమ్మబుద్ధి కావడం లేదు. 

"ప్రసూన, రెండో ఏడు. పూచీదారు అలివేణి!" అని లోపలి నుంచి కేక వినిపించింది.

"వద్దులేవే. నేను చదువు మానేస్తా," అంది ప్రసూన.

"ఎందుకు మానటం? కూర్చుంటా పద."

ముల్లు సున్నా మీద పడాలి. అది ప్రసూన కళ్ళారా చూడాలి. ఆ కసితోనే అలివేణి కుర్చీలో కూర్చుంది. పట్టీ కడుతుంటే ప్రసూన చేసిన ద్రోహాన్ని మనసులో మళ్ళీ మళ్ళీ తలుచుకుంది. యంత్రం ప్రశ్న అడిగింది. ఈ వ్యక్తి చేపట్టిన పరిశోధన పూర్తిచేసి పట్టా పుచ్చుకుంటారని మీకు నమ్మకముందా?

"లేదు," అంది అలివేణి గట్టిగా.

కానీ పరిశోధన అన్న మాట చెవిన పడగానే ఆమెకు తన పెరడు గుర్తుకొచ్చింది. మొదటి ఏడు మాడిపోయిన కొర్ర, రెండో ఏడు మోకాలెత్తు లేచింది. మూడో ఏడు కంకి బరువుకు వంగింది. వారం వారం తగ్గుతూ వచ్చిన ఉప్పు అంకెలన్నీ తను రాసినవే. అందులో ఎక్కడా తప్పులేదు. అది చేతిలో ఉన్న మనిషికి పట్టా రాకుండా పోదు. వేరే రకంగా అనుకోవాలని ఆమె పళ్ళు బిగించి ప్రయత్నించింది. తన చేతి పనిని తాను తక్కువ చేసుకోవడం సాధ్యం కాలేదు.

ముల్లు తొంభై ఏడు మీద నిలబడింది.

వలి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నిరుటి కంటే మూడెక్కువ! తనకి పన్నెండిచ్చిన మనిషికి తొంభై ఏడు. ఇన్నేళ్ళలో ఇట్టాంటి స్నేహం నేను చూళ్ళేదమ్మా." ఆయన తలుపు తీసి బయటివాళ్ళను పిలిచి మరీ చూపించాడు.

ప్రసూన వచ్చి ఆమె చేతులు పట్టుకుని బావురుమంది. "నన్ను ఇంకా నమ్ముతున్నావటే? నన్ను క్షమించావటే?"

అలివేణి చేతులు విడిపించుకుంది. "నేను నమ్మింది నిన్ను కాదు. నా పుస్తకాన్ని."

 అయినా ప్రసూన, వలి ఇచ్చిన మంజూరు కాగితాన్ని అందుకోక మానలేదు.

బయటికి వస్తుంటే వరండాలో అందరూ లేచి అలివేణికి దారి ఇచ్చారు. పూచీదారు దొరక్క మూడు రోజులుగా తిరుగుతున్న ఒక అమ్మాయి గబగబా ఎదురొచ్చి దణ్ణం పెట్టింది.

"అక్కా, మనుషుల్ని అంతలా నమ్ముతావంట గదా! ఒక వారం మా ఇంట్లో ఉండి, నన్ను చూసి, నాక్కూడా పూచీ కూర్చోవా?"

అప్పటిదాకా అలివేణి కంట తడి లేదు. ఆ పిల్ల ముందు మాత్రం మెట్ల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.