విషపు సంచికి ఆకలి

మా సరస్సు మీద పచ్చ తెట్టు కట్టడం కొత్తేం కాదు. కిసుము పట్నం వైపు నుంచి గాలి తిరిగితే చాలు, తెల్లారేసరికి ఒడ్డంతా చిక్కగా పేరుకుంటుంది. ఆ నాచులో రెండు రకాలు. కంటికి రెండూ ఒకటే. ఒకటి విషం చేస్తుంది, ఒకటి చేయదు. నిరుడు ఆ నీళ్లు తాగిన ఆవులు రేవులోనే కూలబడ్డాయి.

పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువు అందకపోతే ఈ రెండూ ఏమవుతాయో చూడాలని మా పరిశోధన కేంద్రం వాళ్లు సరస్సులోనే రెండు పెద్ద ప్లాస్టిక్ సంచులు వేలాడదీశారు. ఒక్కో సంచిలో ఒక్కో రకం. రెండింటికీ నత్రజని కరువు. విషం చేయాలంటే నత్రజని బాగా పడుతుంది కాబట్టి విషపుదే ముందు నీరసపడుతుందని మా లెక్క. రోజూ నీళ్లు తీసి పరీక్షించడం నా పని. పడవ నడిపేది ఒగ్వేనో అన్న.

మామూలు సంచి మెల్లగా పసుపు తిరిగింది. విషపు సంచి మాత్రం నిగనిగలాడుతోంది.

"దీనికెవరో మేత పెడుతున్నారన్నా," అన్నాను.

"నీ నాచు పిల్లలు పాలు తాగాయా డాక్టరమ్మా" అని రోజూ నన్ను ఏడిపించే మనిషి, ఆ మాటకి తల దించుకుని తెడ్డు వేశాడు.

ఆ సాయంత్రం రెల్లు మాటున ఇంకో పడవలో కాపు కాశాను. పొద్దు వాలింది. గాలి ఆగిపోయింది. కుళ్లిన గడ్డి వాసన ముక్కులోంచి గొంతులోకి దిగుతోంది. దూరంగా తెడ్డు చప్పుడు. ఒగ్వేనో ఒక్కడే వచ్చాడు. బుట్టలోంచి గుప్పెడు గుప్పెడు చేపలు తీసి విషపు సంచిలో వేస్తున్నాడు.

"తిను ఒదెరో... మెల్లగా తిను..."

ఒదెరో అతని తమ్ముడు. మొన్నటి వానల్లో పడవ తిరగబడి పోయాడు. శవం దొరకలేదు. మా ఆచారం ప్రకారం శవానికి బదులు యాగో చెట్టు పొడవాటి కాయను పూడ్చిపెట్టాం.

నేను పడవ దగ్గరికి తోశాను. "అన్నా, ఏం పని ఇది? ఈ సంచి చిరిగితే విషమంతా మన రేవులోకే వస్తుంది. మనవాళ్లు నీళ్లు ముంచేది అక్కడే!"

"తెలుసు చెల్లీ. కానీ వాడు ఆకలంటున్నాడు." గొంతు తగ్గించాడు. "విను."

విన్నాను. ఏమీ లేదు. తర్వాత సంచి ఉబ్బింది... లోపలికి పోయింది... మళ్లీ ఉబ్బింది. అల లేదు. కింద నుంచి సన్నగా...

"ఆకలి... అన్నా... ఆకలి..."

బుట్ట లాక్కున్నాను. "అది ఒదెరో కాదన్నా! ఇంకేం వేయకు!"

గొంతు ఆగింది. ఒక్క క్షణం.

"అయితే... నువ్వు రా అన్నా."

ఒగ్వేనో సంచిలోకి భుజం దాకా చెయ్యి ముంచాడు. తల మునిగింది. చొక్కా పట్టుకుని బలమంతా పెట్టి లాగాను. పైకి తేలాడు, దగ్గుతూ. నోటి నిండా పచ్చ... మింగేశాడు.

ఆస్పత్రిలో ఉంచారు. ఏ జబ్బూ తేలలేదు. ఇంటికి పంపేశారు.

మర్నాడు విషపు సంచిలో నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఆకలికి చావడానికి నాచుకి వారాలు పడతాయి. ఇక్కడ ఒక్క రాత్రిలో ఒక్క పోగు లేదు, చుక్క విషం లేదు. "ఎక్కడికి పోయింది?" అన్నారు పెద్దసారు.

కొన్నాళ్లకి ఒగ్వేనో భార్య అవినో వదిన మధ్యాహ్నం పూట కేంద్రానికి వచ్చింది. నన్ను గోడ పక్కకి పిలిచింది.

"మీ అన్న ఇద్దరి తిండి తింటున్నాడు, అకేయో. అయినా చిక్కిపోతున్నాడు. పడుకున్నాక ముక్కు దగ్గర చెవి పెడితే... రెండు ఊపిరులు. ఒకదాని వెంట ఒకటి."

మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్లమన్నాను. అంతకంటే ఏం చెప్పను?

ఆ తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. కళ్లు లోపలికి పోయాయి.

"ఇంట్లో పిండి నిండుకుంది. రెండ్రోజులు పస్తున్నాం. రాత్రి విన్నాను... ఇప్పుడు ఒక్క ఊపిరే వస్తోంది."

"మంచిదే కదా వదినా," అన్నాను, గుండె తేలికపడి.

ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఎవరిదో తెలియడం లేదు."