రెండో వైరు

భానుచందర్ ఒక్క 'స' నొక్కితే కీబోర్డు నూటెనిమిది 'స'లు పాడింది. 'రి' నొక్కితే ఇంకా పరువు తీసింది. ఆ మోతకు పంజగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ ఆగిపోయిందని కొందరంటారు గానీ, అది రోజూ ఆగేదే. అందులో మనవాడి గొప్పేమీ లేదు.

అమీర్‌పేటలో రెండో అంతస్తులో పదడుగుల గది, అదే వాడి స్టూడియో. చప్పుడు బయటికి పోకుండా గోడలన్నీ వాళ్ల నాయన తుకారాం టైలర్ షాపులో మిగిలిన కోటు అస్తర్ ముక్కలతో కప్పాడు. చప్పుడు మాత్రం వాటిని లెక్కచేయకుండా, పక్కనే ఉన్న కంప్యూటర్ కోచింగ్ సెంటర్‌లోకి హాయిగా నడిచిపోయేది.

మూడు రోజులుగా ఇదే గోల. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాడు. కొబ్బరికాయ కొట్టాడు. రిపేరు చేసేవాడు ఫోన్లోనే బోర్డు పోయిందని తేల్చేశాడు. ఆ సాయంత్రం ఐదింటికల్లా కృష్ణానగర్‌లో షార్ట్ ఫిల్మ్ తీస్తున్న రాఘవేందర్‌కు పాట పంపాలి. పంపకపోతే సోమవారం నుంచి పంజగుట్టలో నాయన పక్కన కూర్చుని కాజాలు కుట్టాలి. తండ్రీకొడుకుల ఒప్పందం అది. కాజాలంటే వాడికి చిన్నచూపేం లేదు. పాటంటే ప్రాణం, అంతే.

రెండు గంటలకు తలుపు తట్టి ఒకమ్మాయి నిలబడింది. చేతిలో మార్కర్ పెన్ను, కళ్లలో నిప్పులు. పక్క సెంటర్‌లో నెట్‌వర్కింగ్ చెప్పే సంహిత.

"అన్నా, నలభై మందికి పాఠం చెప్తున్న. జర మీ పెట్టె బంద్ చేస్తరా?"

ఆ కళ్లు వాడికి తెగ నచ్చాయి. 'అన్నా' అన్న పిలుపు మాత్రం ముల్లులా దిగింది. తేరుకుని, బంద్ చేద్దామంటే అదే ఆగడం లేదని మొరపెట్టుకుని, చూపించడానికి ఒక్క మీట నొక్కాడు. నూటెనిమిది.

సంహిత కోపం పోయింది. పొడుపుకథ విన్న పిల్లలా వంగి కీబోర్డు వెనక చూసింది. అక్కడి నుంచి కంప్యూటర్‌కు రెండు దారులు. ఒకటి యూఎస్‌బీ వైరు, ఇంకోటి వాడు ఈమధ్యే తగిలించిన, స్వరాల సంకేతాలు మోసే పాతకాలం మిడి వైరు.

"రెండెందుకు?"

"మా ఇంట్ల ఏదైనా రెండు కుట్లే వేస్తం. ఒకటి తెగితే ఇంకోటి పట్టుకుంటది."

ఆమె నవ్విన నవ్వుకు గోడల మీది అస్తర్లన్నీ రెపరెపలాడాయి.

"గిది కుట్టు కాదు, తొవ్వ. నువ్వు నొక్కిన స్వరం ఒక తొవ్వల కంప్యూటర్‌కు పోతది. అది దాన్ని రెండో తొవ్వల మళ్ల కీబోర్డుకే పంపుతది. ఎవరో కొత్తగ నొక్కిండ్రనుకొని కీబోర్డు మళ్ల కంప్యూటర్‌కు పంపుతది. ఇగ పొద్దుందాక గిదే తిరుగుడు. మా క్లాసుల రెండో రోజు పాఠం ఇదే."

రెండో వైరు పీకమంది. వాడి చెయ్యి కదల్లేదు. పుట్టినప్పటి నుంచి కుట్టడమే చూసినవాడు, విప్పడం ఎరగడు. కళ్లు మూసుకుని పీకాడు. 'స' నొక్కాడు.

ఒకటే. తేటగా మోగి మెల్లగా ఆరిపోయింది. అది వింటుంటే వాడి కళ్లు చెమర్చాయి. ఆమె చూడనట్టు మార్కర్ మూత సర్దుకుంటూ వెళ్లిపోయింది.

ఐదుకు పది నిమిషాల ముందు పాట కృష్ణానగర్ చేరింది. మర్నాడు ఇంకో రెండు పాటలకు పిలుపొచ్చింది.

ఇక మొదలైంది కృతజ్ఞత. సెంటర్ మెట్ల మీద ఛాయ్‌తో థ్యాంక్స్, ఉస్మానియా బిస్కెట్లతో థ్యాంక్స్, వానొస్తే గొడుగు పట్టి థ్యాంక్స్. పద్దెనిమిదో రోజు, గొడుగు కిందే నిలదీసింది సంహిత.

"నీ థ్యాంక్స్ మొదటి రోజే అందింది. మళ్ల మళ్ల పంపుతనే ఉన్నవు. నీకు సుత ఒక వైరు పీకాల్నా?"

ఆ మాటల్లో 'అన్నా' లేదు. ఆ సంగతి తట్టాక వాడు గొడుగు ఆమె మీద పట్టి, తాను నిలువునా తడిసిపోయాడు.

ఆదివారం వాడే నాయన మిషన్ ముందు కూర్చుని ఆమెకు ల్యాప్‌టాప్ సంచి కుట్టాడు. వాడు పిలిస్తే పంజగుట్ట షాపుకు వచ్చిన సంహిత ముందుగా సంచిని తిరగేసి కుట్టు చూసింది.

"మళ్ల రెండేనా?"

"సంచికి కావాలె. తెగొద్దు."

మెడలో టేపు వేసుకుని కళ్లద్దాల మీదుగా ఇద్దరినీ చూస్తున్న తుకారాం కత్తెర కింద పెట్టాడు.

"ముప్పై ఏండ్ల సంది కుట్టుడే నేర్పుతున్న బిడ్డా. మావానికి విప్పుడు నువ్వు నేర్పినవు. సల్లగుండు."

అని, ఏ కొట్టులోనూ దొరకని రంగు గుండీలు తెస్తానంటూ బయటికి పోయాడు.

భానుచందర్ గొంతు సవరించుకున్నాడు. "ఇగ థ్యాంక్స్ చెప్ప. వేరే మాట. ఒక్కసారే చెప్త. నువ్వంటే నాకిష్టం."

"అందింది," అని సంచి భుజానికి వేసుకుని మెట్టు దిగింది సంహిత. వాడి గుండె కూడా ఆ మెట్టు దిగింది. అప్పుడు ఆమె వెనక్కి తిరిగింది.

"నువ్వు పంపు, నేను తిప్పి పంపుత. గీ రెండో వైరు మాత్రం పీకకు."