లెక్కకందని బలం

గొర్లె విమల ఆ పూట మూడో ముద్ర వేసేసరికి మధ్యాహ్నం పన్నెండైంది. బొటనవేలు ఆనించగానే గాజుపలక గోరువెచ్చనైంది. తాండవ కళాశాల వాటా రెండు పాళ్లు తగ్గింది, శబరి వాటా అదే రెండు పాళ్లు పెరిగింది. శబరి రెండు పాయింట్ల తేడాతో ఓడింది. ఏ ఆట ఎలా ముగుస్తుందో పొద్దున్నే చెప్పేసే ముందుపట్టీలోనూ రెండనే ఉంది.

విజయనగరం క్రీడాప్రాంగణం నాలుగో అంతస్తులో ఉన్న తూనిక గదిలో తొమ్మిదేళ్లుగా ఆమె పని ఇదే. నదుల పేర్లు పెట్టుకున్న పన్నెండు కళాశాలలు కలిసి నదీమండలి. అమ్మాయిల కబడ్డీ ప్రసారాల మీద వచ్చే రాబడంతా ఒకే నిధిలో పడుతుంది. దాన్ని సమవర్తి అనే యంత్రం పంచుతుంది. బలం ఉన్న జట్టుకు తక్కువ, లేని జట్టుకు ఎక్కువ. హాస్టల్ భోజనాలు, ఫీజులు, ఛాయలతో సాధన చేసే గంటలు, అన్నీ ఆ వాటాలోంచే రావాలి. ఛాయలు యంత్రాలే అయినా ఎదుటి జట్టు ఎలా ఆడుతుందో అచ్చం అలాగే ఆడతాయి. యంత్రం లెక్క కట్టాక మనిషొకరు ముద్ర వేయాలని నిబంధన. ఆ మనిషి తూనికరి. పన్నెండు కళాశాలలకూ తూనికరి విమల ఒక్కతే.

మొదట్లో ఆమెకు ఈ పనంటే గర్వంగా ఉండేది. సమవర్తి రాకముందు డబ్బున్న రెండు కళాశాలలే ఏటేటా కప్పు పట్టుకుపోయేవి. చిన్న కళాశాలలు ఆ దెబ్బకు జట్లనే ఎత్తేసుకునేవి. ఇప్పుడు ఒక్క జట్టూ మూతపడలేదు. కాకపోతే నాలుగో ఏటి నుంచి ప్రతి జట్టూ ఆరు గెలిచి అయిదు ఓడుతోంది, లేదంటే అయిదు గెలిచి ఆరు ఓడుతోంది. ఎక్కువ గెలిస్తే వాటా కోసుకుపోతుందని కోచ్‌లందరికీ అర్థమైపోయింది. జనం మ్యాచ్‌కి వస్తున్నారు, పల్లీలు తింటున్నారు, ముందుపట్టీ చూసుకుని ఆఖరి అయిదు నిమిషాల ముందే లేచి బస్సుకు పోతున్నారు.

రెండు గంటలకు నాలుగో మ్యాచ్. కొండ దగ్గరి మహేంద్రతనయకూ నగరంలోని గోస్తనికీ. గోస్తని రెండు పాయింట్లతో గెలుస్తుందని పట్టీ. విమల టీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది.

మహేంద్రతనయ కెప్టెన్ సవర మాలతి మొదటి కూతకు వెళ్లింది. సన్నగా, పొట్టిగా ఉంటుంది. బోనస్ గీత దాకా పోయి కాలు చాపి, పట్టుకోవడానికి వచ్చిన ఇద్దరి మధ్యలోంచి నీళ్లలో చేపలా జారి వెనక్కి వచ్చేసింది. మూడు పాయింట్లు. ఆ తర్వాతి కూతకు రెండు. పది నిమిషాలకు గోస్తని జట్టు మొత్తం బయట కూర్చుంది. విమల చేతిలో టీ చల్లారిపోయింది. స్టాండ్స్‌లో జనం ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు. బస్సుకోసం మాత్రం కాదు.

సగం ఆట ముగిసేసరికి మహేంద్రతనయ ఇరవై ఒకటి, గోస్తని తొమ్మిది.

గాజుపలక ఎర్రబడింది. తొమ్మిదేళ్లలో దాన్ని ఆ రంగులో ఆమె ఎప్పుడూ చూడలేదు. "లెక్కకందని బలం. మూలం తెలియదు. మ్యాచ్ రద్దు. మహేంద్రతనయ ఏడాది వాటా నిలుపుదల. పదిహేను నిమిషాల్లో ముద్ర వేయాలి."

వెంటనే ఫోను మోగింది. మండలి కార్యదర్శి పప్పల సత్యారావు.

"చూసేవా అమ్మా? ఆ పిల్లలు దొంగతనంగా ఛాయల్ని పెట్టుకున్నట్టున్నారు. ముద్ర వేసియ్యి."

"వాళ్లనొకసారి అడుగుతానండి."

"అడగడానికేటుంది? ముద్ర పడకపోతే ప్రసారం వాళ్లు ఈ వారం డబ్బు ఆపేస్తారు. ఒక్క కళాశాలకి కాదు, పన్నెండింటికీ. అది గుర్తెట్టుకో."

విమల ఫోను పెట్టేసి, పలకను చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. మ్యాచ్ జరుగుతుండగా తూనికరి కిందికి దిగడం ఇదే మొదటిసారి. కాపలా అతను ఆశ్చర్యపోయి, దారి ఎటో చూపించాడు.

మహేంద్రతనయ గదిలో ఏడుగురు పిల్లలూ గోడకు ఆనుకుని నేలమీద కూర్చున్నారు. చెమటకు జెర్సీలు ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. విమల చేతిలోని ఎర్రటి పలక చూడగానే మాలతి లేచి నిలబడింది.

"మాం ఏ తప్పూ సెయ్యలేదండి."

"మీకు ఇచ్చిన ఛాయల గంటల్లో సగం కూడా మీరు వాడుకోలేదు. లెక్క నా దగ్గరే ఉంది. మరి ఈ ఆట ఎక్కడ నేర్చుకున్నారు?"

మాలతి తల వంచుకుని, మోచేతి మీద ఊడుతున్న ప్లాస్టర్‌ను వేలితో అదిమింది.

"అమ్మా, నాకు పన్నెండు నిమిషాలే ఉన్నాయి. నువ్వు చెప్పకపోతే నేను ఇది నొక్కాలి. మీకు ఏడాది వాటా పోతుంది. మీ హాస్టల్ నడవదు."

"సెప్తే ఇంకొకలకి కూడా పోద్దండి."

"ఇంకొకరంటే ఎవరు?"

"మేమేనండి."

గుమ్మంలో గోస్తని కెప్టెన్ ఇజ్జాడ హరిణి నిలబడి ఉంది. బాగా పొడగరి, మోకాలికి పట్టీ కట్టుకుంది. ఆయాసపడుతోంది. పరుగెత్తుకొచ్చినట్టుంది.

"వేసవి సెలవుల్లో మా ఛాయల హాలు మూసేస్తారు కదండీ. పోయినేడు మ్యాచ్ అయ్యాక మాలతి ఫోన్ నంబర్ తీసుకున్నాను. ఈ వేసవిలో మా జట్టంతా బస్సెక్కి వాళ్ల ఊరు పోయేం. నలభై రోజులు ఉన్నాం. పొద్దున్న వాళ్లతో జీడితోటల్లో పనికెళ్లడం, సాయంత్రం ఏటి ఇసకలో ఆడుకోవడం. మాకు తెలిసిన పట్లన్నీ వాళ్లకి నేర్పేం. ఊపిరి ఎలా ఆపాలో, ఇసకలో కాలెలా తియ్యాలో వాళ్లు మాకు నేర్పేరు."

"మా అమ్మ ఈల్లందరికీ అంబలి పోసింది," అంది మాలతి. "మొదట్రోజు ఒక్కలూ తాగలేదు. పదో రోజుకి కుండ నాకీసేరు." ఎవరో కిసుక్కున నవ్వారు.

విమలకు ఒక సంగతి అంతుపట్టలేదు. "మీరూ అంతే నేర్చుకుంటే తొమ్మిది పాయింట్లేమిటి?"

హరిణి మొహం ఎర్రబడింది. "మేమింకా ఆడలేదండి. పట్టీ దాటొద్దు, వాటా పోద్ది అని మా సార్ అన్నారు. మాలతీ వాళ్లు కూడా అలాగే ఆడాలి. కానీ..."

"కూతకెల్లేసరికి మర్సిపోయేనండి," అంది మాలతి. "కాలు ఊరుకోలేదు."

ఆ మాట విన్నాక విమల చేతిలోని పలక వైపు చూసుకుంది. తాను తొమ్మిదేళ్లుగా తూచింది ఏమిటి? బలాన్నే తూచానా, బలాన్ని దాచుకోవడాన్నా? ఒకరి నుంచి తగ్గిస్తే తప్ప ఇంకొకరికి పెరగదని సమవర్తికి నేర్పారు. ఏటి ఇసకలో పద్నాలుగు మందికీ ఒకేసారి పెరిగిన బలం దానికి దొంగసొత్తులా కనబడింది. అయినా పన్నెండు హాస్టళ్లు, ఈ వారం బియ్యం... అవి ఊహలు కావు. శబరి కళాశాల వంటశాల ఆమె స్వయంగా చూసింది. అక్కడ అరలు ఎప్పుడూ సగం ఖాళీగానే ఉంటాయి.

"ముద్ర వెయ్యకపోతే అందరికీ ఈ వారం డబ్బు ఆగుతుంది. మీ రెండు జట్లకే కాదు," అంది.

హరిణి మాలతి వైపు చూసింది. "ఈ వారం మా దగ్గరున్న బియ్యం, మీవి కలిపి శబరి వాళ్లకి ఇద్దాం. వాళ్లకే ఎక్కువ కష్టం."

"ఇద్దాం. మా ఊళ్లో అంబలికి చోళ్లున్నాయి," అంది మాలతి.

ఇంకా నాలుగు నిమిషాలుంది. విమల పలకను బల్ల మీద పెట్టి, ఎప్పుడూ ముట్టుకోని గడి తాకింది. ముద్ర నిరాకరణ. కారణం రాయమని పలక అడిగింది. ఆమె "ఇద్దరూ కలిసి నేర్చుకున్నారు" అని రాసింది. ఆ కింద ముందుపట్టీని తొలగించే గడి ఉంటే అదీ నొక్కేసింది.

"పోండి. ఆడండి. ఇద్దరూ," అంది.

ప్రాంగణం పెద్ద తెర మీద అంకెలు చెరిగిపోయాయి. గెలిచేది ఎవరు అన్నచోట ఖాళీ మిగిలింది. జనంలో ఒక్క క్షణం గుసగుసలు. ఆ తర్వాత ఒక మూల నుంచి ఈల, ఆ వెంటనే స్టాండ్స్ అంతా హోరు. విమల నాలుగో అంతస్తుకు తిరిగి వెళ్లలేదు. మ్యాట్ పక్కన, ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుంది.

గోస్తని ఆడడం మొదలుపెట్టింది. హరిణి మొదటి పట్టుకే ఎదుటి రైడర్‌ను గాల్లోకి లేపి కూర్చోబెట్టింది. ఇరవై ఒకటికి పదిహేను. ఇరవై నాలుగుకు ఇరవై రెండు. మహేంద్రతనయ అమ్మాయి ఒకతె ఊపిరి బిగబట్టి ముగ్గురిని ఈడ్చుకుంటూ గీత దాకా వచ్చింది. బస్సుకు పోదామని వెళ్లినవాళ్లు గేటు దగ్గరనుంచి వెనక్కి పరుగెత్తుకొచ్చారు. పల్లీలమ్మే ఆవిడ బుట్ట కింద పెట్టేసి కుర్చీ ఎక్కింది. ముప్పై రెండు, ముప్పై రెండు. ముప్పై ఆరు, ముప్పై ఆరు.

ఆఖరి కూత మాలతిది. "కబడ్డీ, కబడ్డీ" అంటూ లోపలికి పోయింది. ఎడమకు వంగింది, కుడికి తిరిగింది. హరిణి నేలమీదికి దూకి చీలమండ అందుకుంది. మాలతి పడిపోతూనే చెయ్యి చాచింది. గీతకూ వేళ్లకూ మధ్య జానెడు. ఇసకలో కాలు విదిల్చినట్టు విదిల్చింది. పట్టు వదల్లేదు. ఊపిరి ఆగింది. ఈల మోగింది.

గోస్తని ముప్పై ఏడు, మహేంద్రతనయ ముప్పై ఆరు.

గుట్టగా పడ్డ పిల్లల అడుగునుంచి మాలతి నవ్వు వినిపించింది. "దొంగమొకమా! ఆ పట్టు తప్పించుకోడం నీకు నేర్పేను గానీ, నానే మర్సిపోయేను!"

విమల అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. ఫోను చాలాసేపటి నుంచి మోగుతున్నట్టుంది. చూస్తే సందేశాలు. చంపావతి కెప్టెన్: రేపు మా మ్యాచ్‌కి పట్టీ తీసేయండి, లేకపోతే మేము ఆడం. శారద కెప్టెన్‌దీ అదే మాట. బాహుదా, వేగావతి, ఏలేరు, ఇంకా మిగతావాళ్లూ. ఆఖరున శబరి: మాకు బియ్యం ఉన్నాయి మేడమ్, వారం సర్దుకుంటాం. పట్టీ మాత్రం వద్దు.

మళ్లీ మోగింది. సత్యారావు.

"ఏటి చేసేవమ్మా నువ్వు! రేపట్నించి ఆ కుర్చీలో నువ్వు కూచోడానికి లేదు. తెలిసిందా?"

"తెలిసిందండి. కానీ ఎవరు కూచున్నా పట్టీ ఉంటే వాళ్లు ఆడమంటున్నారు. పది జట్లూ రాసేయి."

అవతల వెనక ఎవరో గట్టిగా ఆఖరి కూత గురించి వాదించుకుంటున్నారు. తర్వాత సత్యారావు గొంతు బాగా తగ్గించి, పక్కవాళ్లకు వినబడకుండా అడిగాడు.

"అదలాగుంచు. రేపు చంపావతి గెలుస్తాదంటావా, లేక శారదా?"

"తెలీదండి," అంది విమల. ఆ మాట అంటుంటే ఆమెకు నవ్వాగలేదు.