పదకొండొందల డిగ్రీలు

గురువారం ఉదయం 10.20. రావులపాలెం దగ్గర అరటికాయల గోడౌన్ పునాదుల్లో ఒక బస్తా చిరిగింది. కాల్చిన మట్టిపొడితో పాటు ఒక పన్ను రాలింది. దాని వెనకే ఎముక ముక్క. ఎముకలో స్టీలు స్క్రూ.

పన్ను కట్టి కొన్న సరుకే. ఈ పన్ను మాత్రం బిల్లులో లేదు.

ఆ స్క్రూని సైట్లో కూలిపని చేస్తున్న రామలక్ష్మి గుర్తుపట్టింది. ఆమె భర్త చంద్రరావు ఈ మట్టి కాల్చి పంపే ఇటుకల బట్టీలో సూపర్‌వైజర్. రెండేళ్ల క్రితం బైక్ మీంచి పడితే తొడలో వేసిన స్క్రూ అది. తొమ్మిది రోజులుగా మనిషి ఆచూకీ లేదు.

10.50 కల్లా చంద్రరావు బంధువులు సైట్ ఇంజనీరు భానుతేజ మీద పడ్డారు. మొదటి రాయి రామలక్ష్మిదే. తర్వాత పారకర్ర. నెత్తి పగిలింది, పెదవి చీలింది. సి.ఐ. జగదాంబ జీపు ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఒక కేసు కాస్తా రెండయ్యేది.

స్టేషన్‌లో ఎస్సై గణేష్‌బాబు ఫైలు ఊపుతూ వచ్చాడు.

“రిమాండ్ రిపోర్ట్ రెడీ మేడమ్. బస్తాలు లేటయ్యాయని పోయిన వారం సోమవారం ఈ ఇంజనీరు చంద్రరావుతో కొట్లాడాడండి. ‘మట్టిలో కలిపేస్తా’ అన్నాడు. మంగళవారం కలిపేశాడు. మాట మీద నిలబడే మనిషి!”

“నిలబడే ఓపికేదయ్యా, పద్నాలుగు కుట్లు పడితే? బట్టీలో మట్టి కాల్చే ఫర్నేస్‌కి తాళాలెన్ని?”

“రెండండి. ఒకటి వీడి దగ్గర, రెండోది బట్టీ ఓనర్ సత్తిరాజు గారి దగ్గర. ఆయన మంగళవారం అన్నవరంలో వ్రతం చేయించుకున్నారట.”

“ఎవరు చూశారు?”

“స్వామివారే చూశారన్నారండి.”

“ఆయనకి సమన్లు పంపలేం. ఐదింటిదాకా ఆగు.”

12.30. సైట్ ల్యాబ్. టెక్నీషియన్ వినీల రెండు బకెట్లు ముందుకి జరిపింది.

“ఇక్కడంతా మెత్తటి రేగడండి. బంకమట్టిని ఏడొందల డిగ్రీల్లో కాల్చి, పొడిచేసి, సున్నంతో పాటు నేలలో కలిపితే బిగుస్తుంది. ఇది సోమవారం కాల్చిన మట్టితో చేసిన దిమ్మ.”

నీళ్లలోంచి తీసి బల్లకేసి కొట్టింది. బల్ల సొట్టపడింది.

“ఇది మంగళవారంది.”

రెండో బకెట్లో దిమ్మ లేదు. అంబలి ఉంది.

“నిన్న నానబెట్టానండి. పొద్దున భానుతేజ సార్‌కి చూపిద్దామని వెళ్తే అప్పటికే కొడుతున్నారు.”

“ఎందుకిలా అయింది?”

“మంట ఎక్కువైతే మట్టి చచ్చిపోతుందండి. ఇక సున్నాన్ని పట్టుకోదు.”

జగదాంబ ఆ బురదలో చెయ్యి పెట్టి చాలాసేపు కలిపింది.

3.15. ఏటిగట్టు పక్కన బట్టీ. సత్తిరాజు ఇస్త్రీ చొక్కాలో. భానుతేజ కట్టులో. దూరంగా రామలక్ష్మి.

“భానుతేజగారూ, ఫర్నేస్ పొరపాటున వెయ్యి దాటితే ఆ మట్టినేం చేస్తారు?”

“పారబోస్తానండి. రోడ్డు గుంతలకి తప్ప పనికిరాదు.”

సత్తిరాజు పకపకా నవ్వాడు.

“ఆయ్, ఈ చదువుకున్నోళ్లతో ఇదేనండి! నలభై ఏళ్లుగా ఇటుక కాలుస్తున్నాను. ఎంత కాలితే అంత గట్టి. ఆ మంగళవారం సరుకు చూడండి, పదకొండొందల్లో కాలింది. దగ్గరుండి బస్తాకెత్తించాను.”

“పదకొండొందలా?” జగదాంబ ఎంతో మర్యాదగా అడిగింది. “అన్నవరం కొండ మీంచి మీటరు కనబడిందాండి?”

నవ్వు ఆగిపోయింది.

“ఈ ఇంజనీరే కాల్చి ఉంటే చచ్చిన మట్టిని గుంతలో పోసేవాడు. పన్నూ దొరికేది కాదు, మీరూ దొరికేవారు కాదు. మాడిన మట్టిని మేలిమి సరుకని బస్తాకెత్తేది ఇటుకల మనిషొక్కడే. చంద్రరావు ఏం చూశాడు?”

“గట్టు!” రామలక్ష్మి అరిచింది. “ఏటిగట్టు కింద మట్టి తవ్వేస్తున్నారు, వరదొస్తే ఊరు పోద్ది, కంప్లైంట్ ఇస్తానన్నాడండి!”

సత్తిరాజు గునపం అందుకుని ఆమె తల మీదికి విసిరాడు. భానుతేజ ఆమెని లాగేశాడు. గునపం గోడలో దిగింది. జగదాంబ లాఠీ మొదటి దెబ్బకి మణికట్టు పుటుక్కుమంది. రెండోదానికి మోకాలు.

“ఊపిరుండగానే తోశానే!” సత్తిరాజు నేలమీద దొర్లుతూ రామలక్ష్మి వైపు ఉమ్మాడు. “నీ పేరే అరిచాడు!”

గణేష్‌బాబు అతని నోరు మూయించిన పద్ధతి డైరీలో రాయలేదు.

5.00. రిమాండ్ రిపోర్ట్‌లో పేరు మారింది. ఆ మంగళవారం సరుకు నలభై బస్తాలు వరసగా పేర్చారు.

“మా ఆయన్నెప్పుడు అప్పగిస్తారండి?”

జగదాంబ ఫోరెన్సిక్ వాళ్ల దగ్గర ఆమెకి గ్లవ్స్ ఇప్పించింది.

రామలక్ష్మి చెంగు బిగించి మొదటి బస్తా విప్పింది. జల్లెడకి ఒక అంచు తను పట్టుకుంది. రెండో అంచు భానుతేజ వైపు చాచింది.

“మెల్లిగా ఊపు బాబూ,” అంది. “ఒక్క ముక్క కూడా కింద పడకూడదు.”