ఇరవయ్యో నిమిషం

పట్టపగలు, గుడిహత్నూర్ దాటాక, హైవే మీద అంతయ్య బండి ఉన్నట్టుండి ఆగిపోయింది.

తాళంచెవి తిప్పాడు. ఇంజిన్ ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్ట్ అయింది. కానీ అప్పటికే పక్కన నిలిచిన బైకు మీదివాడు తుపాకీ ఎత్తాడు. మూడు గుళ్ళు. రెండు గొంతులో, ఒకటి కంట్లో. అంతయ్య తల హారన్ మీద వాలింది. ఆ హారన్ చాలాసేపు మోగుతూనే ఉంది.

మూడోరోజు పదకొండు గంటలకు ఆదిలాబాద్‌లో, జిన్నింగ్ మిల్లుల వెనక ఉన్న మెకానిక్ షెడ్డుకు టిఫిన్లమ్మే ఒకామె వచ్చింది.

"పచ్చిపులుసు కావాల్నా భాయ్?"

"ఉల్లిగడ్డ ఎక్కువుంటేనే అక్కా."

కోడ్ కలిసింది. మెకానిక్ రాహిల్ షట్టర్ సగం దించాడు.

ఆమె పేరు కోమల. గూఢచారి శాఖ కరీంనగర్ యూనిట్‌లో ఏజెంట్ నంబర్ పద్నాలుగు. టిఫిన్ గిన్నె అడుగు అరలో స్కానర్ ఉంది. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆమెను బతికించింది మాత్రం భయం. ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. ఇప్పుడు మోగింది. చీఫ్ కొమురెల్లి.

"కోమలమ్మా, మన అంతయ్యను చంపింది సరిహద్దు అవతలి ముఠా. వాళ్ళ మొఖాలు చూసిన సాక్షి ఇగ బాలమల్లు ఒక్కడే మిగిలిండు. ఉట్నూర్ నుంచి మన బండిల వస్తుండు. బండి పదకొండు అయిదుకు చాల్ అయి బయల్దేరింది. కమాండో జీపులు పది నిమిషాల ఎనుక ఉన్నయ్, అనుమానం రాకుండ."

"డ్రైవర్ ఎవరు సార్?"



"మీ బిడ్డనే."

ఫోన్ కట్ అయింది. కోమల బిడ్డ భవ్యశ్రీ పోలీస్ డ్రైవర్‌గా చేరి ఎనిమిది నెలలు. తల్లి టిఫిన్ సెంటర్ నడుపుతోందనే ఆ పిల్ల నమ్మకం.

అంతయ్య బండి జాకీ మీద లేచి ఉంది. సీటు మీద నెత్తురు ఎండి నల్లబడింది.

"గీ బండికి రోగమే లేదక్కా," అన్నాడు రాహిల్. "టోచన్ పెట్టి, ఇంకో బండికి తాడు కట్టి గుంజుకొచ్చినం. సెల్ఫ్ కొడితే మస్తుగ చాల్ అయింది. కంప్యూటర్ల తప్పు చూపే కోడ్ గూడ లేదు."

"నడుమ నడుమ ఆగుతుందని అంతయ్య వారం నుంచి మొత్తుకున్నడు గదా?"

"మొత్తుకున్నడు. మా కాడికి తెస్తె బాగనే ఉండె. డాష్‌బోర్డుల లైట్ వస్తే ఆ కోడ్ తుడిసి పంపినం."

"తుడిసే ముందు రాసుకున్నరా?"

రాహిల్ తల గోక్కున్నాడు. "ఎవరు రాస్తరక్కా?"

కోమల స్కానర్ తగిలించింది. ఇంజిన్ కంప్యూటర్ ఖాళీ. కానీ కింద ఒక గీత మిగిలింది: 'తుడిచాక నడిచిన దూరం: సున్నా.'

"టోచన్ల వచ్చిన బండి," అందామె. "తుడిసినంక ఇది సొంతంగ అడుగు కదల్లే, అంటే అంతయ్య పాణం పోయినంకనే ఎవరో తుడిసిండ్రు. అంతయ్య పడ్డ కాడికి మొదలు ఎవరొచ్చిండ్రు?"

"మమతారాణి మేడం. మన టెక్నికల్ ఆఫీసరే. లాప్‌టాప్ పెట్టి చూసింది."

కోమల బ్రేకుల కంప్యూటర్ తెరిచింది. దాన్ని ఎవరూ తుడవలేదు. 'ఇంజిన్ కంప్యూటర్ జవాబు ఇవ్వలేదు' అని నాలుగుసార్లు రాసుకుంది. ప్రతిసారీ ఆ క్షణాన్ని ఫొటో తీసినట్టు దాచింది. స్పీడు వేరు, వేడి వేరు. కానీ ఇంజిన్ స్టార్ట్ అయ్యాక గడిచిన సమయం? 1200 సెకన్లు. 1200. 1200. 1200.

"నిజం రోగమైతే ఇంత టైం పాటించదు భాయ్. ఇది గడియారం."

రాహిల్ డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి వెతికాడు. అగ్గిపెట్టెంత నల్ల డబ్బా ఊడి వచ్చింది.

"ఇరవై నిమిషాలకు ఇంజిన్ కంప్యూటర్‌కు కరెంటు కోస్తదక్కా. మొదటి మూడుసార్లు ట్రయల్."

"నడుమ బంద్ చేసి మళ్ళ చాల్ చేస్తే?"

"లెక్క మళ్ళ సున్నా నుంచే."

"మరి ఉట్నూర్ బండికి సర్వీసు ఎవరు చేసిండ్రు?"

"నేనే, కోమలక్కా."

షట్టర్ కింద నుంచి వచ్చిన ఆడగొంతు అది, దాంతో సెంటు వాసన, వెనకే మమతారాణి. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర గోళ్ళు, సైలెన్సర్ పిస్టల్. టప్ మని చప్పుడైంది. రాహిల్ తొడ పట్టుకుని కూలిపోయాడు.

గోడ గడియారం 11:17.

"ఎనిమిది నిమిషాలు గమ్మున కూసో. నీ బిడ్డ బండి ఆగే మూలమలుపు కాడ నలుగురున్నరు. కత్తులతోని చేస్తరట. గుళ్ళు దండగని."

కోమల చెయ్యి వెనక్కి, నడుం దగ్గరి బటన్ ఫోన్ మీదికి పోయింది. రెండో నంబర్ నొక్కి పట్టుకుంటే బిడ్డకు పోతుంది. నొక్కింది. కట్ చేసింది. మళ్ళీ నొక్కింది, అట్లా పదిసార్లు. భవ్యశ్రీ ఎత్తదు. 'బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తితే నా మీద ఒట్టే' అని తల్లే వేయించింది. ఆ ఒట్టు ఇవాళ తన బిడ్డనే మింగేటట్టుంది.

"ఏం జేస్తున్నవ్ ఎనుక?"

"పచ్చిపులుసు తాగుతవా?"

గిన్నెడు పులుసు, పచ్చిమిరపకాయలతో సహా, మమతారాణి కళ్ళలో పడింది. గుడ్డిగా పేలిన గుండు కోమల చెవి తమ్మెను లేపేసింది. కోమల జాకీ రాడ్డు అందుకుని మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. పిస్టల్ జారి బండి కిందికి పోయింది. మమతారాణి రెండో చేతిలో పానా తీసి కోమల దవడ మీద బాదింది. పన్ను ఊడింది. నోటి నిండా నెత్తురు. మమతారాణి పాక్కుంటూ పిస్టల్ కోసం బండి కింద దూరింది.

కోమల జాకీని తన్నింది.

బండి కూలింది. అరుపు సగంలో తెగింది.

11:24. రాహిల్ పడినచోటి నుంచే చీఫ్‌కు ఫోన్ చేసి మూలమలుపు సంగతి అరుస్తున్నాడు. కోమల పదకొండోసారి నొక్కింది. రింగైంది. ఎత్తలేదు.

11:25.

11:26. కోమల పన్నెండోసారి నొక్కబోయింది. అంతలో ఫోనే మోగింది.

"ఏందే అవ్వా! పదకొండు మిస్డ్ కాల్సా? నీకు భయపడి బండి పక్కకు పెట్టి, ఇంజిన్ బంద్ చేసి మాట్లాడుతున్న. ఎనుక కూసున్న పెద్దమనిషి నవ్వుతుండు!"

కోమల కళ్ళు మూసుకుంది. "తలకు నూనె పెట్టుకున్నవా?"

"అవ్వా, డ్యూటీల ఉన్న!"

"కడుపుల మంట తగ్గిందా? గా గోలీలు ఏసుకున్నవా?"

పది నిమిషాలు ఆ తల్లి బిడ్డను వదల్లేదు. ఇంజిన్ మళ్ళీ స్టార్ట్ చేయనివ్వలేదు. అప్పుడు ఫోన్లో జీపులు దూసుకుపోయిన మోత. ఆపైన దూరంగా టపటపమని తుపాకులు. ఆపైన ఏమీ లేదు.

"మనోళ్ళ జీపులు పోయినయ్ అవ్వా. ముందట ఏదో కాల్పులు..."

రాహిల్ తన ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి నాలుగు వేళ్ళు చూపించాడు. నలుగురూ ఖతం.

"ఊకె గట్ల పరేషాన్ చేస్తవ్," భవ్యశ్రీ విసుక్కుంది. "ఎవరన్న సచ్చిండ్రా ఏంది?"

కోమల బండి కింద నుంచి బయటికి వచ్చిన ఎర్ర గోళ్ళ చేతిని చూసింది. దాన్ని కాలితో మెల్లగా లోపలికి నెట్టింది.

"లేదు బిడ్డా," అంది. "తిన్నవా?"